గొట్టంలో చందమామకి గుడి

నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినమని మా ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలకి కాఫీతోపాటే చెప్పి పెడుతుంది. మిగిలిన సగంలో కూడా ఉప్పు ఎక్కువేనని మా బావమరిది అంటాడు. వరదొచ్చిన ఏడు గేదె మీద కూర్చుని ఉయ్యూరు నుంచి గుడివాడ వచ్చానని నేను చెప్పిన మాట వాస్తవం. ఆ గేదెకి ఈత రాదని కూడా చెప్పాను. కాని ఇప్పుడు రాస్తున్నదాంట్లోంచి ఏదీ తీసెయ్యకండి. ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్క మాట. దాన్ని కల్పించినందుకే ఇదంతా జరిగింది.

అప్పట్లో నాకు గుడివాడలో వాచీలు బాగుచేసే దుకాణం ఉండేది. ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె, కంటికి తగిలించుకునే భూతద్దం, అంతే దుకాణం. పగలంతా చింతగింజంత చక్రాల్లోకి చూసీ చూసీ, పొద్దు గుంకేసరికి దూరంగా ఉన్నదేదైనా చూపించమని కళ్ళు పోరుపెట్టేవి. బందరులో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే సాయిబు గారు నా గోల పడలేక అరచేతిలో పట్టేంత అద్దం ఒకటి తయారుచేసి ఇచ్చారు. దాన్ని రేకు గొట్టం కొసన బిగించి, రెండో కొసన నా భూతద్దం పెట్టి చందమామ వైపు తిప్పాను. గుంటలు, గట్లు, నీడలు కనిపించాయి. నాకు నోట మాట రాలేదు. నేను మాట్లాడకుండా ఉండటం మా వీధివాళ్ళకి వింత కాబట్టి ఏమైందో చూద్దామని ఒక్కొక్కరే వచ్చి, వాళ్ళూ గొట్టంలోకి చూశారు. నలుగురికీ ఆకాశం చూపించే పిచ్చి నాకు అలా పట్టుకుంది.

శనివారం సాయంత్రాలు బస్సెక్కి బందరు వెళ్ళి, కోనేరు సెంటరులో ముక్కాలి బల్ల మీద గొట్టం నిలబెట్టేవాణ్ణి. వెలుగు ఆకాశంలోంచి మన దాకా రావడానికి టైము పడుతుందని, అందుచేత చుక్కల్లో మనం చూసేది ఎప్పుడో జరిగిపోయిన సంగతని పుస్తకంలో చదివి ఉన్నాను. మొదట్లో అదే చెప్పేవాణ్ణి. "పాతదా?" అని ఒక సోడాబండి ఆయన మొహం చిట్లించి వెళ్ళిపోయాడు. పాతది చూడ్డానికి వరసలో ఎవడు నిలబడతాడు? అందుకని ఆ మాటని తిరగేశాను.

"ఇందులో కనిపించేది ఇవాళ్టిది కాదండీ, ఎల్లుండిది. రెండ్రోజుల ముందుది" అన్నాను.

వరస కోనేరు చుట్టూ తిరిగింది. ఎల్లుండి చందమామని చూసినవాళ్ళు మళ్ళీ వెనక్కెళ్ళి నిలబడ్డారు. ఎల్లుండి తమ ఇంట్లో ఏం కూరో చెప్పమన్నవాడు ఒకడు. నేను చెప్పాను కూడా. బందరులో ఇలాంటివి నమ్మేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళే. అందుకే నాకు ఆ ఊరంటే ఇష్టం.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు దసరా వెళ్ళాక ఒక శనివారం, ఆ వరసలో ఒకావిడ నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. మోచేతుల దాకా గీతలు గీతలుగా మాని తెల్లబడ్డ గాయాలు. పక్కన నిండు గర్భిణి కూతురు. ఆసుపత్రిలో చూపించడానికి దివిసీమ నుంచి తీసుకొచ్చిందట. ఆవిడ గొట్టంలోకి చాలాసేపు చూసి, తల ఎత్తి, "రెండ్రోజుల ముందుదేనా? మూడోరోజుది కనపడదా?" అంది.

"దానికి ఇంకా పెద్ద అద్దం కావాలమ్మా" అన్నాను. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"రెండ్రోజులైనా చాల్లే. మా ఊరు రాయ్యా. కార్తీకం వస్తంది."

ఊరంతా చూస్తారేమో అన్న సంబరంలో, వస్తానని మాటిచ్చాను. కార్తీకానికీ నా గొట్టానికీ ఏమిటి సంబంధమో ఆ సంబరంలో అడగలేదు.

చిలకలపూడిలో గాజులకీ గొలుసులకీ బంగారు పూత వేసే మనిషి ఒకడు నాకు స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేదు గాని, బావా అంటే బావా అని పిలుచుకుంటూ చివరికి ఒకరి ఇంట్లో పెళ్ళికి ఒకరం బట్టలు పెట్టుకునేదాకా వచ్చాం. సంగతి విని వాడు నా రేకు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పరాయి ఊరికి ఇది పట్టుకెళ్తావా బావా? కిరసనాయిలు అమ్మేవాడివనుకుంటారు."

వారం తిరిగేసరికి కొత్త ఇత్తడి గొట్టం చేయించి, దానికి పూత వేసి తెచ్చాడు. ధగధగలాడిపోయింది. లోపలికి చూస్తే నా మొహం పదిసార్లు కనిపించింది.

"లోపల కూడా వేశాను బావా. పైపైన మెరిపించి లోపల వదిలేస్తే జనం ఏమంటారు? ఇప్పటికే రోల్డుగోల్డు వాళ్ళమని ఒక చూపు చూస్తారు."

రేకు గొట్టం లోపల నేను మసి పూసుకున్నాను. లోపల నల్లగా ఉండాలని పుస్తకంలో ఉంది, ఎందుకో కూడా ఉంది. అదంతా ఆ మెరుపులో మర్చిపోయాను. అద్దాలు బిగించాను, సంచిలో పెట్టాను, ఒక్కసారి కూడా చందమామకేసి తిప్పి చూడకుండా ఇద్దరం బస్సెక్కాం.

అవనిగడ్డ, నాగాయలంక దాటాక, ఒక పాయ అవతల ఉంది ఆ ఊరు. నావలో దాటాలి. కొత్త తాటాకు ఇళ్ళు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. తలలు లేని తాటిచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. బావ ఏదో జోకు మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు.

పొద్దు గుంకేటప్పటికి ఊరంతా ఇసుకలో వచ్చి కూర్చుంది. నేను గొట్టం నిలబెట్టి, బందరులో చెప్పేవన్నీ మొదలుపెట్టాను. చందమామ మీద ఆ మచ్చ దగ్గర మా మేనత్తకి రెండెకరాలు ఉన్నాయన్నాను. ఒక్కరు నవ్వలేదు. పిల్లలు కూడా నవ్వలేదు. అందరూ నా నోటివైపు చూస్తున్నారు, డాక్టరు నోటివైపు చూసినట్టు. 

"ముందు మా మావ చూస్తాడు" అంది ఆవిడ. మావ అంటే నావ నడిపే సరంగు, అరవై దాటినవాడు. నేను గొట్టం సరిచేసి పక్కకి తప్పుకున్నాను. సగం చందమామ నడినెత్తికి కాస్త పడమరగా ఉంది, ఆకాశం కడిగినట్టుంది. సరంగు ఒక కన్ను మూసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తి వట్టి కళ్ళతో పైకి చూశాడు. మళ్ళీ గొట్టంలో చూశాడు.

"గుడి కట్టింది" అన్నాడు.

చందమామ చుట్టూ వలయం పడితే దాన్ని గుడి అంటారు. గుడి కడితే వాన, పెద్ద గుడి కడితే పెద్ద వాన. సముద్రం పక్క వాళ్ళకి అది ముందుగా వచ్చే ఉత్తరంతో సమానం. నేను గబగబా కన్ను ఆనించి చూశాను. చందమామ చుట్టూ పచ్చటి వలయం, దాని చుట్టూ ఇంకోటి. పైన ఆకాశంలో మాత్రం ఏమీ లేదు. లోపలి పూత మీద పడి వెలుగు చెదురుతోంది, అంతే సంగతి. అది నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. దాని వెంటే రెండోది కూడా అర్థమైంది. వీళ్ళు నన్ను చుక్కలు చూపించమని పిలవలేదు. పోయినేడు ఉప్పెనొచ్చిన కార్తీకం మళ్ళీ వస్తోందని, రెండ్రోజుల ముందే చూసి చెప్పమని పిలిచారు.

ఆవిడ చూసింది. "పైన లేదు. ఇందులో ఉంది. ఎల్లుండిది" అంది మెల్లగా.

ఎవరూ కేకలు పెట్టలేదు. ఏడవనూ లేదు. కేకలు పెట్టి ఉంటే నాకంత భయం వేసేది కాదు. అందరూ లేచి, ఇసుక దులుపుకుని, ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళి, అన్నం గిన్నె, పిల్లల్ని, దుప్పటి తీసుకుని, పాయ వైపు నడవడం మొదలుపెట్టారు. ఏది ముందు తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఊరికి ఉన్నది ఒకటే నావ. పాతికమంది పడతారు. ఎక్కినవాళ్ళు అప్పటికే అంతకి రెండింతలు, ఇంకా ఎక్కుతున్నారు. మేకల్ని కూడా ఎక్కిస్తున్నారు. నావ మధ్యలో, గుడ్డల మూట మీద, ఆ గర్భిణి పిల్లని కూర్చోబెట్టారు. పాయలో పాటు నడుస్తోంది, అంటే నీళ్ళు సముద్రం వైపు లాగేస్తున్నాయి. చేపల వేట ఎరగని నాకే తెలుస్తోంది ఆ లాగుడు.

నేను సరంగు చెయ్యి పట్టుకున్నాను. "బాబాయ్, పోటు వచ్చేదాకా ఆగండి. ఇంత బరువుతో..."

"పోటుతోనే గదయ్యా అది వస్తది" అన్నాడు.

ఇక లాభం లేదని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ ఎక్కిస్తోంది, తను ఆఖర్న ఎక్కేటట్టు.

"అమ్మా, నేను చెప్పింది అబద్ధం."

"ఏది?"

"రెండ్రోజుల ముందుది కనపడుతుందన్నది. నేనే కల్పించాను. నలుగురూ నవ్వుతారని."

ఆవిడ నాకేసి చూసింది. "బందర్లో అబద్ధం చెప్పి ఇక్కడ నిజం చెప్తన్నావా, అక్కడ నిజం చెప్పి ఇక్కడ అబద్ధం చెప్తన్నావా? నాకెట్టా తెలుస్తదయ్యా?"

ఇన్నేళ్ళ నా నోటి విద్యకి ఇంతవరకు ఎవరూ అంత సూటిగా జవాబు చెప్పలేదు. బావ ముందుకొచ్చాడు. "తప్పు నాదమ్మా! లోపల పూత వేశాను. దానివల్ల వచ్చింది ఆ గుడి. చూడండి, ఆ లాంతరుని చూడండి, దానికీ కట్టుద్ది." గొట్టాన్ని నావ కొయ్యకి వేలాడుతున్న లాంతరు వైపు తిప్పాడు. ఆవిడ చూసింది. సరంగూ వచ్చి చూశాడు.

"దీపానికి కూడా కట్టిందే" అన్నాడు సరంగు. "అంటే గాలి నిండా నీళ్ళే." ఇంకా త్వరగా ఎక్కమని జనాన్ని తొందరపెట్టాడు.

బావ గొట్టం దించేశాడు. నేను వెర్రివాడిలా, "మసి పూస్తానమ్మా, లోపలంతా మసి పూసి మళ్ళీ చూపిస్తాను, గుడి పోతుంది" అన్నాను.

"కనపడేదాన్ని మసి పూసి కప్పెడతావా?" అంది. కోపంగా కూడా అనలేదు. "పోయినేడు ఉప్పెన రోజు కూడా పొద్దున ఒకాయన వచ్చి ఏం కాదన్నాడు. మంచోడే. నవ్వుతా చెప్పాడు. మా ఆయనా ఇద్దరు కొడుకులూ ఇంట్లోనే ఉండిపోయారు. నేనూ ఈ పిల్లా తుమ్మచెట్టు పట్టుకున్నాం. దాన్ని నా కోకతో చెట్టుకి కట్టేసి, నేను ముళ్ళ మీద..." ఆ గీతల చేతుల్ని ఒకసారి చూసుకుంది. "నాకు మిగిలింది ఆ పిల్లొక్కతే. తప్పుకో."

తప్పుకోలేదు. నావలోంచి ఆ పిల్ల మా ఇద్దరి వైపూ చూస్తోంది, కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని. ఇంకో నలుగురు ఎక్కారు. నావ ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకుంది. ఆవిడ నన్ను పక్కకి నెట్టడానికి మణికట్టు పట్టుకుని, పట్టుకున్నదల్లా ఆగింది.

"ఇట్టా వణుకుతన్నావేంటి? ఉప్పెనకా?"

"ఉప్పెనకి కాదమ్మా" అన్నాను. "ఆ నావకి."

ఆవిడ తల తిప్పి నావ వైపు చూసింది. అప్పటిదాకా ఎక్కేవాళ్ళ మొహాలు చూస్తోంది గాని నావని చూడలేదు. నావ అంచుకీ నీళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. లాంతరు వెలుగులో ఒక చిన్న అల అంచు దాటి లోపల పడింది. ఒక మేక కాళ్ళు ఎత్తి పెట్టుకుంది.

"దిగవే" అంది ఆవిడ కూతురితో.

"అమ్మా..."

"దిగమన్నానా!"

సరంగు గడ కింద పెట్టాడు. "ఎక్కమందీ నువ్వే, దిగమందీ నువ్వే. ఆటలుగా ఉందా?"

"ఎక్కమన్నాను. ఇప్పుడు దిగమంటన్నాను. అంచు చూడు మావా. ఎల్లుండి వచ్చేదానికి ఇప్పుడే చస్తామా?"

సరంగు అంచు చూశాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్న అంచుని ఆ సాయంత్రం ఆయన కూడా చూడలేదు. ముందు మేకల్ని దించాడు. ఆ తర్వాత కొందరు వాళ్ళంతట వాళ్ళు దిగారు. దిగనివాళ్ళని ఆయన అలాగే దాటించి, పోటు మొదలయ్యాక వచ్చి మిగతావాళ్ళలో ఎవరొస్తారని అడిగాడు. ఇంకొందరు వెళ్ళారు. సగం ఊరు అవతలికి వెళ్ళింది, సగం ఉండిపోయింది. నావ అవతలి ఒడ్డు తాకిన ప్రతిసారీ నేను ఇసుకలో కూర్చుండిపోయాను.

"ఇక మేం బయల్దేరతాం" అన్నాడు బావ.

"ఈయన ఎక్కడికీ పోడు" అంది ఆవిడ నన్ను చూపించి. "ఎల్లుండి దాటిందాకా మాతోనే ఉంటాడు."

"నేనో?" అన్నాడు బావ.

"పూత వేసింది నువ్వేగా?"

ఆ రెండు రోజులూ నేను ఎలా బతికానో చెప్తే మీరు సగం తీసేస్తారు. గుడి కట్టింది గొట్టంలోనే అని ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. అయినా మొదటి రోజు సాయంత్రానికే అనుమానం మొదలైంది. పూత వల్ల ఒక వలయం వచ్చింది సరే, రెండోది ఎందుకొచ్చింది? రెండో రోజు పొద్దున తూర్పున చెయ్యంత మబ్బు ఒకటి లేచింది. జనం దానివైపు చూడలేదు, నావైపు చూశారు. నేను నవ్వబోయాను. నవ్వుతూ చెప్పినాయన గుర్తొచ్చి మానేశాను. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఊరి చివర తుమ్మచెట్ల వైపు వెళ్ళి, లావుపాటిది ఒకటి ఎంచుకుని, ఎలా పట్టుకోవాలో చేతులు చుట్టి చూసుకున్నాను. వెనకనుంచి బావ గొంతు వినిపించింది.

"అది నాది బావా. పొద్దున్నే చూసి పెట్టుకున్నాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వు రాలేదు. వాడు పక్క చెట్టు చూపించాడు.

ఆవిడ మాత్రం ఆ రెండు రోజులూ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దుపోయేటప్పుడు గుమ్మంలో సముద్రం వైపు తిరిగి కూర్చునేది, పిల్లని వెనక పెట్టుకుని. నన్ను తనకీ సముద్రానికీ మధ్య చాప వేసుకోమంది. వేసుకున్నాను. అలల చప్పుడు పెరిగిందా తగ్గిందా అని వింటూ, కొంచెం పెరిగినట్టు అనిపించినప్పుడల్లా లేచి కూర్చునేవాణ్ణి. నేను లేచిన ప్రతిసారీ వెనక గుమ్మంలో ఆవిడ కదిలిన చప్పుడు వినిపించేది. అలా ఇద్దరం ఒకరికొకరం చెప్పకుండా కాపలా కాశాం. రెండోనాడు తెల్లవారుజామున ఆవిడే అంది, "పడుకోయ్యా, సముద్రం మామూలుగానే ఉంది" అని. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టింది.

ఎల్లుండి వచ్చింది, వెళ్ళింది. వాన చినుకు లేదు. మూడో రోజు పొద్దున పిల్లకి నొప్పులు మొదలయ్యాయి.

అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. సరంగు నావ తెచ్చాడు. ఆవిడ ఒడ్డున నిలబడి, ఎవరెవరు ఎక్కాలో తనే చెప్పింది. సరంగు, పిల్ల, తను, మంత్రసాని, బావ, నేను. "నువ్వు ఈ పక్క కూర్చో. నువ్వు ఆ పక్క" అని బరువు చూసి సర్దింది. అంత పెద్ద నావలో ఆరుగురం. అంచు నీళ్ళకి మూరెడు పైన ఉంది. అయినా నేను అంచుని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాను.

పాయ సగం దాటాక పిల్లకి నొప్పి ఎక్కువైంది. తల్లి చేతిని పళ్ళు బిగించి పట్టుకుంది. ఆవిడ నావైపు తిరిగింది.

"ఏమన్నా చెప్పయ్యా. దానికి కాస్త ధ్యాస మళ్ళుద్ది."

"ఏం చెప్పనమ్మా?"

"ఏదైనా. అబద్ధమే చెప్పు."

నేను నోరు తెరిచాను. చందమామ మీద మా మేనత్త పొలం, ఈత రాని గేదె, ఎల్లుండి కూరలు, ఇన్నేళ్ళూ అడక్కపోయినా తోసుకొచ్చేవి ఒక్కటీ రాలేదు. నీళ్ళు చూశాను. పిల్ల మొహం చూశాను. మళ్ళీ నావ అంచు చూశాను. బావ నా మోకాలు పొడిచాడు, ఏదో ఒకటి అనమని.

"నీళ్ళు... తగ్గినట్టున్నాయమ్మా" అన్నాను.

నొప్పిలోనే పిల్ల కిసుక్కున నవ్వింది. "ఏడ తగ్గినాయి? అమ్మా, ఈయనకి అబద్ధం కూడా రావట్లేదు" అంది. ఆవిడ నవ్విందో లేదో నేను చూడలేదు. సరంగు గడ వేస్తున్నాడు, అవతలి ఒడ్డున బండి ఆగి ఉంది, ఎద్దులు మెడలు ఆడిస్తున్నాయి, ఇంకా పది గడలు వెయ్యాలి.